అవ్వ ఒత్తని ముక్కు

సెప్టెంబర్ 9, మంగళవారం

సుచిత్ర చౌరస్తాలో ముక్కు ఆపరేషన్ల క్లినిక్, రెండో అంతస్తు. అద్దాల తలుపు, చల్లగాలి, గోడ నిండా ముక్కులు. ముందు, తర్వాత... ముందు, తర్వాత.

డాక్టరు నా ఫొటో ఒకటి తీసి కంప్యూటర్‌లో పెట్టాడు. మౌస్‌తో ముక్కు దూలాన్ని పట్టుకుని పైకి లాగాడు. అంతే. పల్లం పోయింది. కొన లేచింది. స్క్రీన్ మీద ఎవరో అమ్మాయి. కళ్ళు నావే, నోరు నాదే. మనిషి మాత్రం నాకు తెలియదు.

అమ్మ కుర్చీలోంచి లేచి వెళ్ళి ఆ బొమ్మను వేలితో తాకింది. "గిట్ల అయితదా సార్? గిట్లనే అయితదా?"

"ఇంకా బాగా వస్తుందమ్మా. సిలికాన్ ముక్క ఒకటి పెడతాం. పొద్దున వస్తే సాయంత్రానికి ఇంటికి."

ముక్కుతో ఊపిరి ఆడదని చెప్పాను. అదీ సెట్ అవుతుందన్నాడు. లోపల లైటు వేసి కూడా చూడలేదు.

బస్సులో అమ్మ నా చెయ్యి వదల్లేదు. "జేపిచ్చుకో సుజీ. జల్దీ జేపిచ్చుకో. ఇగ ఆలోచన జెయ్యకు."

ముప్పై ఒక్కేళ్ళు నాకు. ఇన్నేళ్ళలో నా ముక్కు గురించి అమ్మ నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. నేను ఆపరేషన్ మాట ఎత్తిన దగ్గర్నుంచి ఒకటే తొందర. ఎందుకో.

సెప్టెంబర్ 10

నోరు తెరుచుకునే నిద్ర. లేచేసరికి నాలుక అట్టముక్క. ఎప్పటిలాగే.

సెప్టెంబర్ 13, శనివారం

తలకు టోపీ, మూతికి మాస్కు, కళ్ళకు అద్దాలు. శామీర్‌పేటలో మా మందుల కంపెనీ ల్యాబ్‌లోకి అడుగుపెట్టాక అందరం ఒక్కలాగే ఉంటాం. ఆరేళ్ళుగా ఈ ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతున్నది ఆ మాస్కు కోసమే. అందులోనూ ఒక తిరకాసు. మాస్కు పైన ఉండే తీగను నొక్కితే అది పట్టుకోవడానికి నాకు దూలం ఉండాలి కదా. జారిపోతుంది. అద్దాలూ జారిపోతాయి. రెండింటినీ ప్లాస్టర్ పెట్టి అంటించుకుంటాను.

ఈరోజు క్యాంటీన్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఎదురుగా కూర్చుంది. మాస్కు తీశాను. ఆమె చూపు నా ముక్కు మీద పడింది, వెంటనే తన పళ్ళెంలోకి దిగింది. ఆ చూపు దారి నాకు కంఠస్థం.

ప్రవీణకు సుచిత్ర డాక్టరు సంగతి చెప్పాను. ల్యాబ్‌లో నా పక్క టేబుల్ ఆమెది, అన్నీ చెప్పుకుంటాం. ఆమె మరిదికి బండి మీంచి పడి ముక్కు విరిగితే కొంపల్లిలో ఒక డాక్టరమ్మ బాగుచేసిందట.

"లోపల చూడకుంటనే సిలికాన్ పెడ్తా అన్నడా? పాగల్ గాడు. ఫస్ట్ లోపల చూపిచ్చుకో సుజాతా. ఆమె అయితే ఉన్నది ఉన్నట్టు చెప్తది, మంచిగనిపించినా అనిపియ్యకపోయినా."

సెప్టెంబర్ 18, గురువారం

కొంపల్లి. డాక్టరమ్మకు అమ్మ వయసే ఉంటుంది. చేతులు చల్లగా ఉన్నాయి. మాటలు తక్కువ.

ఫొటోలు తీయించింది. ఎదురుగా, ఈ పక్క, ఆ పక్క, తల ఎత్తి. తెర మీద పెట్టి చూపించింది. పక్క నుంచి నన్ను నేను ఇంతవరకు చూసుకోలేదు. నుదురు దిగాక ఒక్కసారిగా పల్లం... తర్వాత కొన. మధ్యలో ఎవరో మెత్తటి మట్టిని బొటనవేలితో నొక్కి అలాగే వదిలేసినట్టు.

సన్నటి గొట్టం లోపలికి వెళ్తుంటే కళ్ళ వెంట నీళ్ళు కారిపోయాయి. ఆమె చాలాసేపు చూసింది. ఒక రంధ్రం, మళ్ళీ రెండోది, మళ్ళీ మొదటిది.

"చిన్నప్పుడు దెబ్బేమైనా తగిలిందా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అంది, "లేదు మేడం. పుట్టుకతోనే గట్ల."

స్కాన్ రాసిచ్చింది.

మా ఇంట్లో ఈ ముక్కుకు ఒక కథ ఉంది. బౌరంపేటలో ఉన్న రోజుల్లో పసిపిల్లలకు నీళ్ళు పోయాలంటే అవ్వనే పిలిచేవాళ్ళట. మా నాయిన తల్లి. ఇప్పుడు నాయినా లేడు, అవ్వా లేదు. కాళ్ళు చాపుకుని, పిల్లను కాళ్ళ మీద పడుకోబెట్టి, నూనె వేళ్ళతో ముక్కు దూలం ఒత్తేది. రోజూ, నెలల తరబడి. ఊళ్ళో ఎన్ని ముక్కులు ఆ వేళ్ళ కింద నిలబడ్డాయో లెక్కలేదు. సొంత మనవరాలిది మాత్రం నిలబడలేదు. "నా చేతిల్నే తప్పు వొయ్యింది. దీని ముక్కు నేనే సక్కగ ఒత్తలే" అని అవ్వ తనంతట తానే అందరికీ చెప్పేది. వినేవాళ్ళు నవ్వేవాళ్ళు.

నేను నవ్వేదాన్ని కాదు.

సెప్టెంబర్ 20

స్కాన్ అయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. బయట బెంచీ మీద అమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటోంది. ముక్కు స్కాన్‌కే ఇంత భయమా అని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

సెప్టెంబర్ 25, గురువారం

అన్నీ వరసగా రాసుకోవాలి. లేకపోతే మర్చిపోతాను. మర్చిపోతానా...

ముక్కు రెండు రంధ్రాల మధ్య ఒక గోడ ఉంటుంది. ముందు భాగమంతా మెత్తటి ఎముక. ఇంటికి నడిమి స్తంభంలాంటిది. నాకు అది లేదు. విరగలేదు, వంగలేదు... లేదు. అది ఉండాల్సిన చోట రెండు పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇలాంటి ముక్కు అరుదుగా చూస్తాం. పుట్టుకతో ఇలా ఉండదు" అంది డాక్టరమ్మ. "గట్టి దెబ్బ తగిలితే లోపల నెత్తురు గడ్డకడుతుంది. తీయకుండా వదిలేస్తే చీము పడుతుంది. ఆ చీము ఈ మెత్తటి ఎముకను కరిగించేస్తుంది. బాగా చిన్నప్పుడే జరిగి ఉంటుంది. అంతకు ముందు ముక్కు మామూలుగానే ఉండి ఉండాలి. చిన్నప్పటి ఫొటో ఏదైనా ఉందా?"

సిలికాన్ పెడితే నిలవదట, చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చేస్తుందట. దానికి ఆసరా ఏదీ లేదు కదా. పక్కటెముక నుంచి ముక్క తీసి స్తంభం మళ్ళీ కట్టాలి.

వింటూ పక్కకు చూశాను. అమ్మ కుర్చీ ఖాళీ. ఎప్పుడు లేచి వెళ్ళిందో తెలియలేదు. బయట నల్లా దగ్గర మొహం కడుక్కుంటోంది. కడుక్కుంటూనే ఉంది.

 గుండ్లపోచంపల్లిలో మా ఇల్లు వచ్చిందని ఆటోవాలా చెప్పేదాకా ఇద్దరం ఆటో దిగలేదు.

సెప్టెంబర్ 26

మా ఇంట్లో నా మొట్టమొదటి ఫొటో ఒకటో తరగతిది. అప్పటికే ఈ ముక్కు. అంతకు ముందువి ఒక్కటీ లేవు. లేవేంటని ఇన్నేళ్ళలో నాకు తోచనే లేదు.

సెప్టెంబర్ 28, ఆదివారం

చర్చి అయ్యాక, పని ఉందని అమ్మకు చెప్పి బౌరంపేట వెళ్ళాను. పెద్దమ్మ దగ్గరికి. నాయిన వాళ్ళ అన్న భార్య. ఇంటికి మూడు పక్కలా విల్లాల గోడలు లేచాయి. మధ్యలో వాళ్ళ రేకుల ఇల్లు అలాగే ఉంది.

పెద్దమ్మ ఇనప పెట్టె తీసింది. అడుగున ప్లాస్టిక్ కవర్లో క్రిస్మస్ ఫొటో. రంగులు పోయాయి. అవ్వ ఒళ్ళో ఎర్ర గౌను పిల్ల.

"ఇదెవరు పెద్దమ్మా?"

"నువ్వే బిడ్డా. మూడేండ్లు నిండినయ్ అప్పుడు."

ముక్కు ఉంది. చిన్నదే. నిటారుగా, చక్కగా. అవ్వ ముక్కులాగే. అవ్వ ఒత్తిన ముక్కు.

ఫొటో ఒళ్ళో పెట్టుకున్నాను. పెద్దమ్మ నా మొహంలోకి చూసి, తర్వాత వాకిట్లోకి చూస్తూ చెప్పింది.

"మరుసటేడు ఎండకాలం. నీకు జరమొచ్చింది. ముక్కు వాసి కండ్లు మూస్కపోయినయ్. మీ అవ్వ నిన్ను బుజం మీదేస్కొని మేడ్చల్ దవాఖానకు ఉరికింది. బస్సు కోసం గూడ ఆగలే, నడుసుకుంటనే వొయ్యింది. ఏమయిందత్తా అంటే జరం అన్నది. ఇంకేం చెప్పలె. ఇగ జర్రన్ని రోజులకు మీరు గుండ్లపోచంపల్లికి వొయిండ్రు. గప్పటి సంది మీ అవ్వ, పుట్టుకతోనే గట్ల, నేనే ఒత్తలే అనవట్టింది."

"నీకు తెలుసు కదా పుట్టుకతో కాదని? ఎందుకు చెప్పలేదు?"

"నాకు తెల్వదా! గని మీ అవ్వ గట్ల అంటుంటే, కాదత్తా అని ఎదురు జెప్పే దమ్ము ఎవ్వలకున్నది? ఆమెకేదో లెక్క ఉండె. మేం గమ్మున ఉన్నం."

ఫొటో ఇచ్చేసింది. టీ పెడతానంటే ఆగలేదు.

సెప్టెంబర్ 30, మంగళవారం

సద్దుల బతుకమ్మ. వీధిలో పొద్దున్నుంచే పూలు, మైకులు. కంపెనీకి సెలవు. అమ్మకు మాత్రం ఊపిరి తీసుకునే తీరిక లేదు. కుట్టాల్సిన వీధివాళ్ళ పండుగ జాకెట్లు ఇంకా తొమ్మిదో పదో మిగిలాయి. కుట్టుమిషన్ ఆగకుండా నడుస్తోంది.

ఫొటో తీసుకెళ్ళి సూది పక్కన బట్ట మీద పెట్టాను.

మిషన్ ఆగింది.

అమ్మ ఫొటోను చేత్తో పట్టుకోలేదు. చూస్తూ కూర్చుంది. బయట గుమ్మంలో ఎవరో ఆమె, "అక్కా, నాది అయ్యిందా?" అని అడిగి, అమ్మ మొహం చూసి వెళ్ళిపోయింది.

"నేనే" అంది అమ్మ.

తర్వాత చెప్పింది. నా మొహం చూడకుండా, ఆ బట్టను మడతపెడుతూ, విప్పుతూ.

"మీ నాయిన లారీ మీద వొయ్యి నాలుగొద్దులు ఇంటికి రాలే. కబురు లేదు. సచ్చిండో బతికిండో తెల్వక నేను పిచ్చిదాని లెక్క తిరిగిన. అయిదో రోజు నవ్వుకుంట వచ్చిండు, మస్తు తాగి. ఏందే అన్నం పెట్టవా అన్నడు. నా చేతిల నీళ్ళ చెంబు ఉండె. నిండుగ. ఇసిరిన. ఆయన మీదికే ఇసిరిన బిడ్డా, ఆయన మీదికే... నువ్వు లోపటి కెల్లి నాయినా అనుకుంట ఉరికొచ్చినవ్."

బట్టను మళ్ళీ మడతపెట్టింది. 

"నెత్తురు జర్రంత కారి ఆగింది. మీ నాయిన నిన్ను ఎత్తుకొని ఏడ్సిండు. పొద్దుగూకే యాళ్ళకు నువ్వు ఆడుకున్నవ్. తెల్లారి గూడ ఆడుకున్నవ్. అయిపాయె అనుకున్న. ఇగ మూడో రోజుకు వాసుడు షురువయింది. దవాఖానకు తీస్కపోతే ఏమయిందని అడుగుతరు గదా? ఏం జెప్పాలె? కన్నతల్లే కొట్టిందని రాస్తరు. మీ నాయిన మల్ల లారీ ఎక్కిండు. ఇయ్యాల తగ్గుతది, రేపు తగ్గుతది అని పసుపు పెట్టుకుంట కూసున్న. ఎనిమిదొద్దులు. మీ అవ్వ అప్పుడు మీ మేనత్తకాడ ఉండె. తొమ్మిదో రోజు వచ్చింది. నిన్ను జూసింది. నన్ను ఒక్క మాట అనలె. ఎత్తుకొని వొయ్యింది."

"అక్కడ ఏం చెప్పింది?"

"ఆడుకుంట పడ్డదని జెప్పింది. ఇంటికొచ్చినంక నన్ను కూసోబెట్టింది. ఇగో పిల్లా, ఈ ముచ్చట ఇంటి కడప దాటొద్దు. ఇది పెద్దగైనంక తెలిస్తే తల్లి మొకం జూసుడు బంద్ పెడ్తది. తల్లి లేని పిల్లయితది. నేను ముసల్దాన్ని. నా మీద కోపం జేస్తే నాకేం బోతది? నేనే ఒత్తలే అని చెప్త. నువ్వు గూడ గట్లనే చెప్పు అన్నది. బైబిలు మీద చెయ్యి పెట్టిచ్చింది."

వీధిలో చప్పట్లు మొదలయ్యాయి. అమ్మ మిషన్ మీద తల ఆనించింది. నేను ఫొటో తీసుకుని నా గదిలోకి వచ్చేశాను.

అక్టోబర్ 1

ఏమీ రాయలేను.

అక్టోబర్ 3, శుక్రవారం

రాయాలి. ఇది ఎవరికీ చెప్పుకునేది కాదు.

పదో తరగతి వీడ్కోలు రోజు. స్కూల్లో గ్రూప్ ఫొటో. ఫొటో తీసే ఆయన నన్ను వెనక వరసకు పొమ్మన్నాడు. ఎత్తు కోసమేనేమో, ఇప్పుడు ఆలోచిస్తే. అప్పుడు అలా తోచలేదు. ఇంటికి వచ్చి, గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న అవ్వ ముందు నిలబడి అరిచాను. "ఊరందరి పిల్లలకు ఒత్తినవ్. నాకు ఒత్తనీకి నీ చేతులు పడిపోయినయా?"

అవ్వ గింజలు తీయడం ఆపలేదు. "అవు బిడ్డా. నాదే తప్పు" అంది.

అమ్మ లోపలే ఉంది. విన్నది. మిషన్ చప్పుడు ఆగడం నాకు గుర్తుంది. అవ్వను అన్నందుకు నా మీద కోపంతో ఆపిందనుకున్నాను.

ఆ తర్వాత అవ్వను నా మొహం ముట్టుకోనివ్వలేదు. తలకు నూనె పెడతానంటే వద్దనేదాన్ని. నాలుగేళ్ళ కింద అవ్వ మంచం పట్టిన చివరి వారంలో, మంచినీళ్ళు పట్టడానికి వంగాను. చెయ్యి ఎత్తింది. నా మొహం వైపు. చాలా నెమ్మదిగా.

తల పక్కకు తిప్పుకున్నాను.

చెయ్యి అలాగే కొంచెంసేపు ఆగి, దుప్పటి మీదికి దిగింది. 

అక్టోబర్ 8

అమ్మతో మాట్లాడి ఎనిమిది రోజులు. డబ్బా కట్టి గుమ్మం దగ్గర పెడుతోంది. తీసుకోకుండా వెళ్తున్నాను. సాయంత్రం వచ్చేసరికి ఆ అన్నమే అమ్మ తింటూ కనిపిస్తుంది, చల్లారిపోయిన అన్నం.

ప్రవీణ అడిగింది, "ఇంట్ల ఏమన్న పరేషానా?"

లేదన్నాను. నాకూ అబద్ధం బాగానే వస్తోంది.

అక్టోబర్ 11

చెంబు దెబ్బను క్షమించగలను. ఆ రోజు నేనైనా విసిరేదాన్నేమో. ఎనిమిది రోజుల దగ్గరే ఆగిపోతున్నాను. మూడో రోజు, నాలుగో రోజు, ఐదో రోజు... ప్రతి పొద్దునా నా మొహం చూసి, పసుపు రాసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళడం.

అవ్వకు ఒక్క చూపు చాలింది.

అక్టోబర్ 14, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఫొటో చూపించాను. లైటు కిందికి జరిపి చూసింది.

"ఈ ముక్కు నాకు ఇవ్వగలరా మేడం?"

"ఇవ్వలేను" అంది. దాపరికం లేకుండా. "ఇది మూడేళ్ళ పాప ముక్కు. పెరిగి ఉంటే ఎలా ఉండేదో నాకు తెలియదు, నీకూ తెలియదు. నేను చేయగలిగింది, ఇప్పుడు కూలిపోయి ఉన్నదాన్ని నిలబెట్టడం."

అన్నీ చెప్పింది. లోపలి పొరలు కుంచించుకుపోయి ఉన్నాయి, చర్మం బిగుసుకుపోయి ఉంది, ఎంత సాగుతుందో తెరిస్తేగానీ తెలియదు. పక్కటెముక ముక్క కొన్నేళ్ళకు వంకర తిరగొచ్చు. రెండోసారి చేయాల్సి రావచ్చు. ఎదలో నొప్పి కొన్ని వారాలు. ఊపిరి మెరుగుపడుతుంది, పూర్తిగా అని మాట ఇవ్వనంది.

"వెంటనే తీసుకొచ్చి ఉంటే..." అని అడిగాను.

"మొదటి ఒకటి రెండు రోజుల్లో ఆ గడ్డకట్టిన నెత్తురు తీసేసి ఉంటే మిగిలేది. బహుశా."

ఆ బహుశాను పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఆమె తొందరపెట్టలేదు.

"ఇది నీకోసం చేయించుకుంటున్నావా, ఇంకెవరికోసమైనానా? జవాబు ఇప్పుడు వద్దు. నవంబర్‌లో ఒక మంగళవారం ఖాళీ పెట్టిస్తాను. ఆలోచించుకో. చేయించుకోకపోయినా ప్రాణానికేం కాదు, ఇంతకాలం బతికినట్టే బతుకుతావు."

ఇంతకాలం బతికినట్టే. మంచి మనిషి. ఆ మాట ఎంత బరువో ఆమెకు తెలియదు.

అక్టోబర్ 19, ఆదివారం

మేడ్చల్. సమాధుల తోట. అవ్వ దగ్గరికి నాలుగేళ్ళలో రెండోసారి.

సిమెంటు సిలువ మీద పేరు సగం చెరిగిపోయింది. దీనమ్మలో 'దీ' లేదు. చుట్టూ గడ్డి మోకాలెత్తు. కూర్చుని పీకాను. చెప్పాలనుకున్నవన్నీ దారిలో వరసగా పేర్చుకున్నాను. అక్కడ కూర్చున్నాక ఒక్కటీ రాలేదు.

"అవ్వా, ఫొటో దొరికింది" అన్నాను.

అంతే. మనుషులు వచ్చిపోతున్నారు. ఏడుపు కూడా సరిగ్గా ఏడవలేని ముక్కు నాది. రెండు నిమిషాలు ఏడిస్తే గాలి ఆడదు, నోరు తెరిచి రొప్పాలి. పక్క సమాధి దగ్గరి ఆమె నీళ్ళ సీసా ఇచ్చింది. "తల్లా?" అని అడిగింది.

అవునన్నాను.

అక్టోబర్ 26, ఆదివారం

చర్చిలో సాక్ష్యాల సమయం. ఎవరైనా లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పొచ్చని పాస్టరు అయ్యగారు అన్నారు. ఆడవాళ్ళ వరసలో అమ్మ లేచింది.

 అమ్మ ఎన్నడూ అలా లేచిన మనిషి కాదు. కొంగు తల మీదికి లాక్కుంది. మైకు అందుకుంది.

"మా అత్త..." అంది. "మా అత్త దీనమ్మ... మీ అందరికి ఎరుకే. ఆమె చేతిల ఏ తప్పు లేకుండె. ఆమె నా..." 

 మాట పూర్తికాలేదు. నిలబడే ఏడ్చింది. చుట్టూ ఆడవాళ్ళు పట్టుకుని కూర్చోబెట్టారు. అయ్యగారు మైకు తీసుకుని, "అత్తను ఇంతగా ప్రేమించే కోడళ్ళు ఈ రోజుల్లో ఎక్కడున్నారు! దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు.

ఇంటికి నడుస్తుంటే ఇరవై ఆరు రోజుల తర్వాత మొదటి మాట నేనే అన్నాను. "ఎందుకు లేచినవ్?"

"నీకోసం గాదు" అంది అమ్మ. "నీకు చూపెట్టే మొకం నాకు లేదు. ఆమె కోసం లేసిన. గది గూడ చెప్పరాలె నాకు."

రోడ్డు దాటేటప్పుడు లారీ వస్తుంటే అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. అవతలికి చేరాక వదిలేశాను. వెంటనే వదల్లేదు.

అక్టోబర్ 29

డబ్బా తీసుకెళ్ళాను. దొండకాయ.

నవంబర్ 3, సోమవారం

ఆసుపత్రి నుంచి ఫోన్. పదకొండో తేదీ మంగళవారం ఖాళీ ఉంది, ఈరోజు సాయంత్రం ఆరింటిలోపు ఖాయం చేయాలి, లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తాం అంది ఆ అమ్మాయి. చెబుతానన్నాను.

అమ్మ విన్నది. మిషన్ మీదే ఉంది.  తర్వాత, దారం ఎక్కిస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"డాక్టరమ్మను ఒకటి అడగాలనుకున్న. అయ్యాల్నే తీస్కపోతే... దెబ్బ తాకిన్నాడే తీస్కపోతే, నీ ముక్కు ఉంటుండెనా?"

దారం సూదిలోకి వెళ్ళడం లేదు. తడిపింది, మళ్ళీ గుచ్చింది. వెళ్ళలేదు.

ఉండేదమ్మా అనాలి. ఆ మాట అనే హక్కు నాకుంది. ముప్పై ఒక్కేళ్ళలో నాకంటూ ఉన్న ఒకే ఒక్క హక్కు అదేననిపించింది. నోటిదాకా వచ్చింది కూడా.

"లేదమ్మా" అన్నాను. "నేనడిగిన. అయ్యాల్నే తీస్కపోయినా గంతే ఉంటుండె అన్నది."

అమ్మ తలెత్తి నా మొహంలోకి చూసింది. నమ్మిందో లేదో నాకు తెలియదు. నమ్మినట్టు తల ఊపింది.

ఒక అబద్ధం ఒక్కసారి చెప్పడానికే నాకింత బరువైంది. అవ్వ ఇరవై మూడేళ్ళు చెప్పింది.

దారం నేను ఎక్కించి ఇచ్చాను. మిషన్ మళ్ళీ నడుస్తోంది. ఐదు దాటింది, ఆసుపత్రికి ఇంకా చెప్పలేదు. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది.